జోడి తెగిన పాదం

దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం పైన డిటెక్టివ్ ఇంద్రాణి ఆఫీసు. ఆ ఉదయం మెట్లెక్కి వచ్చిన అమ్మాయి కూర్చోకముందే ఏడుపు అందుకుంది. అసిస్టెంట్ మహిపాల్ మంచినీళ్లు తెచ్చిచ్చాడు.

"నా పేరు జ్యోతిక మేడమ్. ఎల్బీనగర్‌ల డిగ్రీ చదువుతున్న. కాలేజీ పోటీకి తెలుగుల సానెట్, గదే పద్నాలుగు పాదాల కవిత, రాసిన. మా క్లాసు మణికంఠ నాకంటే ముందే గదే కవిత ఇచ్చిండు. నేనే దొంగనట! సాయంత్రంలోపు ఒప్పుకోకుంటె కాండక్ట్ సర్టిఫికెట్‌ల రాస్తరట. నాయినకు ఏం మొకం చూపియ్యాలె?"

"రెండు కవితలు అచ్చం ఒక్కటేనా?"

"ఊరి పేరొక్కటే తేడా. నాది మూసారాంబాగ్, వానిది తుర్కయంజాల్. ఎవరి ఊరు వాళ్లది."

"టైపు ఎక్కడ చేసినవ్?"

"కాలేజీ ల్యాబ్‌ల. ప్రింటర్ ఖరాబైతే మర్నాడు ప్రింట్ తీసిన."

ఇంద్రాణి కవిత చదివించుకుంది.

*చినుకు తాకి కళ్లు తెరిచె మా మూసారాంబాగు,*
*గొడుగు లేని ఆటోవాలా పాటందుకున్నడు,*
*వంతెన కింద నీటితోటి వీధి మాటలు సాగు,*
*తడిసిన పూలమ్మే తాత తలెత్తి నవ్వుతున్నడు...*

పద్నాలుగు పాదాలూ విని ఇంద్రాణి చెప్పుల్లో కాళ్లు దూర్చింది. కేసు తేలిపోయిందని మహిపాల్‌కు అర్థమైంది. ఎట్ల తేలిందో మాత్రం అంతుపట్టలేదు.

ముగ్గురూ కాలేజీకి వెళ్లారు. పోటీల ఇన్‌ఛార్జి విజయదుర్గ, కామర్స్ లెక్చరర్, మణికంఠను పిలిపించింది. "ముందు ఇచ్చింది ఇతనేనండీ. ఊరి పేరు మార్చేసి ఈ అమ్మాయి తనదంటోంది. ఇంకేం తేలాలి?"

ఇంద్రాణి మణికంఠ వైపు తిరిగింది. "నీ సానెట్ ఇటాలియన్ పద్ధతా, ఇంగ్లీష్ పద్ధతా?"

వాడు విజయదుర్గ వైపు చూశాడు. "ఇటాలియన్."

"ఆఖరి రెండు పాదాలకు ప్రాస కావాలనే కలిపినవా?"

"లేదు మేడమ్, రాస్తుంటె అట్ల పడ్డది."

"అందరు వినుండ్రి," అంది ఇంద్రాణి. "ఇటాలియన్ సానెట్‌ల మొదటి పాదం నాలుగోదానితోటి, రెండోది మూడోదానితోటి ప్రాస కలుస్తది. ఇంగ్లీష్ సానెట్‌ల ఒకటి మూడుతోటి, రెండు నాలుగుతోటి. అట్ల మూడుసార్లు నడిచి, చివరి రెండు పాదాలు జోడిగ ముగుస్తయి. ఇది పక్కా ఇంగ్లీష్ సానెట్. మూడో పాదం చివర 'సాగు'. దానికి 'మూసారాంబాగు' కలిసింది. 'తుర్కయంజాలు' ఎట్ల కలుస్తది?"

"తర్వాత ఈ అమ్మాయే సరిచేసిందేమో?" విజయదుర్గ సందేహం.

"ఏడు జోడీలల్ల ఆరు వెంట్రుకవాసి తప్పకుండ కుదిరినయి. అంత పనితనమున్నోడు మొదటి పాదంలనే తప్పుతడా? పైగా తాను ఏ పద్ధతిల రాసిండో తనకే తెల్వదు. ఆ ప్రాసలు అట్ల పడ్డయట! ఆరు వాటంతట అవే పడి, తన ఊరి పేరున్నదొక్కటే పడలేదా? జ్యోతిక ఫైల్ ఆ రాత్రంతా ల్యాబ్ కంప్యూటర్‌లనే ఉన్నది. అందుకే మణికంఠ ముందు ఇయ్యగలిగిండు."

మణికంఠ తల దించుకున్నాడు. "ఊరి పేరు మారిస్తె నాదే అనుకుంటరని..."

విజయదుర్గ జ్యోతిక వైపు తిరిగింది. "నన్ను క్షమించమ్మా. తెలీక తొందరపడ్డాను."

"క్షమాపణ నాకెందుకు మేడమ్," జ్యోతిక కళ్లు తుడుచుకుంది. "నన్ను దొంగ అన్నది అందరి ముంగట. నా కవిత గూడ అందరి ముంగటనే చదువుత."

మధ్యాహ్నం హాలు నిండా జనం. కాగితం మడిచి పట్టుకుని, ఒక్కసారైనా దానివైపు చూడకుండా, జ్యోతిక పద్నాలుగు పాదాలూ చదివింది. ఆఖరి జోడీ ముగియగానే మొదటి చప్పట్లు మహిపాల్‌వి.