మస్తానయ్య వంతు

పొద్దున్నే వనజాక్షి చేపల పులుసులో మామిడికాయ ముక్కలు వేస్తుంటే మొగుడు శివ ఆ కబురు చల్లగా చెవిన వేశాడు. పులికాట్ సరస్సులో, చనిపోయిన ఆమె నాయన మస్తానయ్య వల వంతును చెల్లెలు స్వర్ణ పేరున రాయబోతున్నారట. ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది.

ఏ రోజు ఎవరు వలేయాలో ఆ ఊళ్లో ఏటా చీట్లు తీసి తేలుస్తారు. ఇంటికొక చీటీ, అదీ మగవాడి పేరున. కొడుకులు లేని ఇంటి వంతు పెద్దల్లుడికి రావడం ఆనవాయితీ. మస్తానయ్య మాత్రం, నాతో పడవెక్కే కూతురికే రాయండని ఊరి పెద్దలకు ఎప్పుడో చెప్పి ఉంచాడు. పెద్ద కూతురు అడ్డం చెబితే ఆపుతామన్నారు పెద్దలు.

వనజాక్షి ఏడుపు వంతు గురించి కాదు. చిన్నప్పుడు తను పడవ అంచు పట్టుకుంటేనే నాయన చేతి మీద కొట్టాడు, ఆడపిల్ల తాకితే వల ఖాళీగా వస్తుందని. అదే నాయన, మొగుడు పోయి పుట్టింటికి చేరిన స్వర్ణను ఆరేళ్లు పడవలో వెంట తిప్పుకున్నాడు. అది చూడలేక వనజాక్షి రేవు దారీ, పుట్టింటి గడపా తొక్కడమే మానేసింది.

పొయ్యి ఆపి పుట్టింట్లో ఉన్న చెల్లెలి దగ్గరికి పోయింది. స్వర్ణ గడపలో కూర్చుని చిరిగిన వల అల్లుతోంది.

"ఏం మందు పెట్టినావే నాయనకి? నన్ను తాకనియ్యని పడవలో నిన్నెట్టా ఎక్కించుకున్నాడు?"

వంతు కావాలంటే నువ్వే తీసుకో అంది స్వర్ణ, తలెత్తకుండా. ఆ మాటతో వనజాక్షికి ఒళ్లు ఇంకా మండింది. ముద్దుల కూతురివి, నీకేం లోటని సాధించింది.

స్వర్ణ చేతిలో దారం పుటుక్కున తెగింది.

"ముద్దులా? చూపు పోయి, మతి తప్పినాక చివరి రెండేళ్లు నన్ను వనజా అనే పిలిచినాడు. 'వనజా, తాడు లాగు. ఆ రోజు కొట్టినానే, నొప్పి పుట్టిందా' అని. నేను వనజను కాదంటే పడవలో లేచి నీకోసం తడుముకునేవాడు. నీళ్లలో పడతాడని నీ పేరుకి పలికినా. వల లాగింది నేను, పిలుపు నీది. నాదెంత కడుపుమంటో నీకేం తెలుసక్కా?"

వనజాక్షి వల అవతలి అంచు పట్టుకుని గడప మీదే కూర్చుంది. చాలాసేపు వలకు చెరోవైపు కూర్చుని ఇద్దరూ ఏడ్చారు.

ఆ సాయంత్రం చీట్లు తీసే చోట శివ పెళ్లాం ముఖం చూశాడు. "స్వర్ణ పేరే రాయండి. పడవలో రెండో మనిషిగా నేను పోతా" అంది వనజాక్షి. ముసలాయన ఒకడు గొణిగాడు గానీ ఎవరూ వినిపించుకోలేదు.

వంతు వచ్చిన రోజు, రేవులో ఆమె పడవ అంచు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"నాకు ఎక్కను కూడా రాదు మే. నువ్వే నేర్పాల."

స్వర్ణ చెయ్యి అందించింది. "ముందు ఆ కుచ్చిళ్లు పైకి దోపుకో."