బుడంకాయకి ఎయిర్ గన్

చొక్కాలు వాషింగ్ మెషీన్‌లో వేసే ముందు జేబులు తడిమి చూడటం ఆమెకు అలవాటు. భర్త జేబులో ప్రెస్సు నుంచి వచ్చిన కాగితం ముక్కలు, మామగారి జేబులో దగ్గు బిళ్లలు తప్ప ఎప్పుడూ ఏమీ దొరకవు. ఆ శనివారం పొద్దున మాత్రం మామగారి చొక్కాలో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి దొరికింది.

"బరువు ఇరవై ఎనిమిది. భుజం నుంచి వేలి కొస దాకా యాభై ఎనిమిది. మెడ పొడుగు మళ్లీ చూడాలి. కళ్లలో ఏది గట్టిది? కోడలికి ఇప్పుడే తెలియకూడదు."

ఇరవై ఎనిమిది కిలోలంటే బుడంకాయే. పదేళ్ల కూతురికి తాతగారు పెట్టిన ముద్దుపేరది. ఆమె కాగితం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఎనిమిదేళ్లుగా కళ్లద్దాల షాపులో కళ్లు పరీక్ష చేస్తున్న మనిషికి కళ్ల మాట కనిపిస్తే మనసు ఎక్కడికి పోతుంది? పిల్లకేదో జబ్బు. ఇంట్లో అందరికీ తెలుసు, తనకు తప్ప.

ఒక్కసారి అనుమానం పుట్టాక అన్నీ దానికి సాక్ష్యాలే అయ్యాయి. మొన్న మామగారు పిల్లని గోడకి నిలబెట్టి టేపుతో చేయి కొలిచారు. ఏమిటంటే బళ్లో నాటకానికి డ్రెస్సు అన్నారు. తను బాల్కనీలోకి వెళితే తండ్రీ కొడుకులు చటుక్కున మాట మార్చేవారు. అన్నిటికంటే వింత బుడంకాయది. నోట్లో నువ్వుగింజ నానని పిల్ల వారం రోజులుగా పెదవి విప్పడం లేదు.

ఆ మధ్యాహ్నమే ఏదో వంక చెప్పి పిల్లని షాపుకి తీసుకెళ్లింది. కుర్చీలో కూర్చోబెట్టి ఒక్కో కన్నూ మూసి చదివించింది. కింది వరుసలోని చీమల్లాంటి అక్షరాలు కూడా గడగడా చదివేసింది పిల్ల. దీపం వేసి కంటి లోపల చూసింది. అద్దంలా ఉంది.

"నాకేమైందమ్మా?"

"ఏమీ కాలేదు."

"మరి నువ్వెందుకు ఏడుస్తున్నావు?"

తాతయ్య నీకేమైనా చెప్పారా అని అడిగింది. పిల్ల తన బూట్ల వంక చూసుకుంది. తాతయ్య ఒట్టు వేయించుకున్నాడనీ, చెబితే ఒట్టు తీసి గట్టున పెట్టినట్టేననీ గొణిగింది. ఆమెకు ఒళ్లు మండింది. ఏదైనా కానీ, పసిపిల్ల చేత తల్లి దగ్గర దాపరికమా!

సాయంత్రం వంటింట్లో ఉండగా మామగారి గొంతు వినిపించింది. ఫోన్లో ఎవరితోనో, "నువ్వు సరేనంటేనేనమ్మా. నువ్వు కాదంటే ఇక్కడితో ఆపేస్తాను," అంటున్నారు. ఆమె బయటికి రాగానే వాతావరణం గురించి మాట్లాడసాగారు. ముప్పై ఏళ్లు బస్సు నడిపిన మనిషికి అబద్ధమాడటం మాత్రం చేతకాలేదు. చెవులు ఎర్రబడిపోయాయి.

సోమవారం ఆమె షాపుకి వెళ్లినట్టే వెళ్లి వీధి చివర ఆగింది. పది గంటలకు మామగారు బయటికొచ్చారు. కొంచెం దూరంలో నడుస్తూ వెనకాలే వెళ్లింది. ఆసుపత్రి వీధిలోకి తిరుగుతారని గుండె దిటవు చేసుకుంది. ఆయన ఆసుపత్రి దాటి, బూట్ల కొట్టు దాటి, స్పోర్ట్స్ సామాన్ల దుకాణంలోకి వెళ్లారు. అద్దంలోంచి చూస్తే ఆయన చేతిలో తుపాకీ ఉంది. దాన్ని భుజానికి ఆనించుకుని, బరువు చూసి, తల అడ్డంగా ఊపి వెనక్కి ఇచ్చేశారు. దుకాణదారు ఇంకొకటి తీశాడు.

ఆమె తలుపు తోసుకుని లోపలికి వెళ్లి, "ఎవరి కోసం మామయ్యా?" అని అడిగింది.

ఆయన రెండు చేతులూ వెనక్కి దాచుకున్నారు. దుకాణదారే నవ్వుతూ చెప్పాడు: "పదేళ్ల పాపకటమ్మా. ఎయిర్ గన్. వారం రోజులుగా చూస్తున్నారు, ఇంకా ఒక్కటీ నచ్చలేదు."

జబ్బు కాదని తెలిసిన క్షణంలో ఎక్కడలేని ఊరట కలిగింది. దాని వెనకే కోపం వచ్చింది. నేరుగా ఇంటికి వచ్చేసింది.

సాయంత్రం భర్త రాగానే కాగితం ఆయన ముందు పెట్టింది. ఆయన తండ్రి వంక చూశాడు, తండ్రి నేల వంక చూశారు. చివరికి భర్తే ముక్కలు ముక్కలుగా చెప్పాడు. బళ్లో రైఫిల్ షూటింగ్ నేర్పుతున్నారట, బుడంకాయ పేరిచ్చేసిందట. అక్కడున్న తుపాకులన్నీ పెద్ద పిల్లలకు సరిపోయేవట, చిన్నవాళ్లు సొంతంగా తెచ్చుకోవాలట.

"ఇంత చిన్న సంగతికి ఇన్ని గుట్లా?" అంది ఆమె. "గుచ్చుకున్న కళ్లూ, పగిలిన కళ్లూ చూసినదాన్ని నేను. ఈ ఇంట్లో ఆ మాట అడగాల్సింది మొదట నన్ను. అడగలేదంటే ఇంకేదో ఉంది. ఏమిటది?"

అప్పుడే తలుపు దగ్గర చెప్పుల చప్పుడైంది. ఆడపడుచు వచ్చింది, భర్తకి అక్క. తండ్రి ఫోన్ చేస్తే ఆఫీసు నుంచి నేరుగా వచ్చినట్టుంది. ఆమె ఎడమ కన్ను గాజుది. చిన్నప్పుడు మెట్ల మీంచి పడిందని పెళ్లయిన కొత్తలోనే చెప్పారు. ఆ కంటికి నప్పేలా వదినకి కళ్లద్దాలు చేసి ఇచ్చేది కూడా తనే.

వదిన కుర్చీ లాక్కుని కూర్చుంది. "నేను మెట్ల మీంచి పడలేదు," అంది, మంచినీళ్లు అడిగినంత మామూలుగా.

తమ్ముడికి తొమ్మిదేళ్లప్పుడు నాన్న ఒక ఎయిర్ గన్ తెచ్చాడట. కొట్టువాడు ఏది చేతిలో పెడితే అదే తెచ్చాడు, పెద్దవాళ్లది. పిల్లవాడి చేతులు అందక, దాన్ని పొట్టకి ఆనించుకుని ట్రిగ్గర్ లాగాడు. ఎదురుగా పదకొండేళ్ల అక్క ఉంది.

ఆమె భర్త వంక చూసింది. రోడ్డు దాటేటప్పుడు ఆయన ఎప్పుడూ వదినకి ఎడమ పక్కకే వెళతాడు. ఫోటోల్లోనూ అటే నిలబడతాడు. అక్క మీద మురిపెం అనుకుంటూ వచ్చింది ఇన్నాళ్లూ. ఆయన ఆ చూపు పోయిన వైపు కాపలా కాస్తున్నాడని ఇప్పుడు తెలిసింది.

"మరి తెలిసి తెలిసీ మళ్లీ అదే ఎందుకు వదినా?"

"బుడంకాయ మొదట నన్నడిగింది. నేను సరేనన్నాను. ముప్పై ఏళ్లుగా ఈ ఇంట్లో ఆ పేరెత్తితే ఒట్టు. పోయింది నా కన్ను, పడిపోయింది వీళ్లిద్దరి నోరు. ఆ భయాన్ని పిల్లకి కూడా అంటగట్టడం నాకిష్టం లేదు. కాకపోతే ఈసారి చూసి కొనమన్నాను నాన్నని."

మామగారు అప్పటికి గొంతు సవరించుకున్నారు. నెలరోజులుగా బడికి వెళ్లి కోచ్ పక్కన కూర్చుంటున్నానన్నారు. పిల్ల చేతికి ఎంత పొడుగైతే అందుతుందో, ఎంత బరువైతే చేయి వణక్కుండా మోస్తుందో, అన్నీ రాసుకున్నానన్నారు.

"అప్పుడు కొలవలేదమ్మా," అన్నారు. "అందుకని ఈసారి కొలుస్తున్నాను. నీకు చెబితే పాత సంగతి కూడా చెప్పాలి. చెబితే నా మొహం చూస్తావో చూడవోనని..."

ఆయన భుజాలు కదిలిపోతున్నాయి. తన మీద నమ్మకం లేక దాచారనుకుంది ఆమె. ఆ మనిషికి తన మీద తనకే నమ్మకం లేదు. ఆమె దగ్గరగా జరిగి కూర్చుంది.

"చూడకేం చేస్తాను మామయ్యా? కానీ ఇంకెప్పుడూ పిల్ల చేత ఒట్లు వేయించకండి. రెండు రోజులు నాకు పంచప్రాణాలూ పోయాయి."

తలుపు చాటున నక్కిన బుడంకాయని పిలిచింది. రెండు చేతులూ చాపి, అరచేతుల మధ్య చిన్న సందు చేసి, అందులోంచి గడియారాన్ని చూడమంది. ఒక్కో కన్నూ మూయించింది. పిల్ల కుడిచేతి వాటం, గురి పట్టే గట్టి కన్ను మాత్రం ఎడమది. ఆ సంగతి మామగారి కాగితం మీద రాసి, "ఎడమ కంటితో గురి చూడాలంటే ఎడమ చెంపకి కూడా ఆనేది కావాలి. పిల్లకే కాదు, పక్కన నిలబడేవాళ్లందరికీ గట్టి కళ్లద్దాలు నేను చేస్తాను. అవి వచ్చేదాకా ఒక్క గుండు కూడా పేల్చకూడదు," అంది.

ఆదివారం అయిదుగురూ దుకాణానికి వెళ్లారు. దుకాణదారు ఓపిక మెచ్చుకోవాలి. ఒకటి బరువు, ఒకటి పొడుగు, ఇంకొకదాని మీట లాగడానికి పిల్ల బలం చాలలేదు. ఆరోది బుడంకాయ ఎడమ భుజంలో ఒదిగిపోయింది. సంబరంగా, "అత్తా, చూడు," అంటూ తుపాకీతో సహా ఇటు తిరిగింది.

భర్త చేయి మెరుపులా వెళ్లి గొట్టాన్ని నేలకి వంచేసింది.

"ఖాళీదైనా సరే, మనుషుల వైపు తిప్పకూడదు," అన్నాడు మెల్లగా. పిల్ల సరేనన్నట్టు తలూపింది. ఆయన ఆ గొట్టం మీది చేయి తీయకుండానే అక్క వైపు తిరిగాడు.

"అక్కా, ఆ రోజు నేను..."

ముప్పై ఏళ్లుగా ఆయన ఆ మాట దగ్గరకు వచ్చి ఆగిపోతున్నాడని ఆమెకు అర్థమైంది. వదిన వచ్చి తమ్ముడి తల తన భుజానికి ఆనించుకుంది.

"చెప్పరా," అంది. "వింటాను."

ఆమె బుడంకాయ చేతిలోంచి తుపాకీ అందుకుని, గొట్టం నేల వైపు ఉంచి, మామగారి చేయి పట్టుకుని, పిల్లని కూడా రమ్మని కొట్టు ఆ చివరికి నడిచింది. అక్కాతమ్ముళ్లిద్దరికీ కాస్త చోటు కావాలి.