మూడుసార్లు తిప్పిన సంచి

నర్సింగ్ ఇంట్లో కోళ్ల మీద పెత్తనమంతా అతని భార్య నాగరాణిది. మొగుడికి చెప్పకుండా ఊరికైనా పోతుందేమో కానీ, కోళ్లను లెక్కపెట్టుకోకుండా వాకిలి దాటదు. ఝరాసంగం అవతల కంది చేల మధ్య ఒంటిగా ఉండే రేకుల ఇల్లు వాళ్లది. గోడకు ఆనించి ఇనుప జాలీ కొట్టిన కోళ్ల గూడు. కంది పూతకొచ్చిన రోజుల్లో ఆ గూట్లోంచి కోళ్లు ఒక్కొక్కటే మాయమవడం మొదలైంది. నాలుగో రోజు గుడ్ల మీద కూర్చున్న ఎర్రకోడి పోయింది. దాన్ని పిల్లప్పటి నుంచి సాకింది వాళ్ల ఆరేళ్ల కూతురు రమ్య. ఆ పూట పిల్ల అన్నం ముట్టలేదు.

వచ్చేది మానుపిల్లి అని వాసనే చెప్పింది. పగలంతా ఏ చెట్టు తొర్రలోనో పడుకుని, చీకటి పడ్డాక గూళ్లలో దూరుతుందది. అది తిరిగిన చోట సన్నబియ్యం ఉడుకుతున్న వాసన వస్తుంది. పొయ్యి చల్లారిన ఇంట్లో, అందరూ పడుకున్నాక, గోడ అవతల నుంచి అన్నం వాసన వస్తుంటే నర్సింగ్‌కు నిద్ర పట్టేది కాదు. జహీరాబాద్ పోయి వెల్డింగ్ షాపులో ఇనుప బోను చేయించుకొచ్చాడు. లోపల మాగిన అరటిపండు పెట్టాడు. మూడో రోజు తెల్లవారుజామున బోను తలుపు ధడేలున పడింది.

బూడిదరంగు ఒళ్లు, బారెడు తోక, కళ్ల చుట్టూ నల్ల మచ్చలు. అది పళ్లు చూపలేదు. ఇనుప చువ్వల్ని గీరలేదు. ఇంటి కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. ఆ కిటికీ పక్కనే రమ్య మంచం. జంతువు ముందరి కాలికి, ఒత్తు బొచ్చు అంచున, వెలిసిపోయిన పసుపు దారం ఒకటి కనిపించింది. ఎవరో సాదుకున్నట్టున్నారని అనుకున్నాడు నర్సింగ్.

పక్క చేను దేవమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చి చూసింది.

"సంపకు బిడ్డా. పిల్లిని సంపితే బంగారు పిల్లిని చేసి కాశీల దానమియ్యాలె. నీతోని అయితదా?"

"జహీరాబాద్ పోయొచ్చుడే నాకు కాశీకి పోయినట్టుంటది అవ్వా. మరెట్ల?"

"సంచిల ఏసి వాగు అవతలికి తీస్కపో. సంచిని మూడుసార్లు గిర్రున తిప్పు. దానికి ఇంటి తొవ్వ మతికుండది." ముసలామె గొంతు తగ్గించింది. "ఇడిశిపెట్టేటప్పుడు ఇంటోళ్ల పేరు మాత్రం నోట్లకెల్లి రానియ్యకు."

"ఎందుకు?"

"మా అమ్మ గట్లనే చెప్పింది. ఎందుకో ఆమె గూడ చెప్పలే."

నర్సింగ్ నవ్వుకున్నాడు. పగలంతా చేను పనితోనే సరిపోయింది. పొద్దుగూకే వేళకు సంచి బండికి కట్టుకుని బయల్దేరబోతుంటే రమ్య పరుగెత్తుకొచ్చింది. బడిలో చేతిపనికి తెచ్చుకున్న నీలం ఊలు దారం తండ్రి మణికట్టుకు కట్టి, తనకు వచ్చినట్టు వంకరగా మూడు ముళ్లు వేసింది. తండ్రి చెయ్యి మీద వేస్తే తప్ప నిద్రపోని పిల్ల అది.

"నేను పండుకోకముందే రావాలె నాయినా. రాకుంటే నీతోని కచ్చి."

"గిట్ల పోయి గట్ల వస్త బంగారం."

వాగు దాటేసరికి చీకటి దిగింది. మనుషుల అలికిడి లేదు. నర్సింగ్ సంచిని రెండు చేతులా పట్టుకుని తిప్పాడు. ఒకటి... రెండు... మూడు. లోపలిది కిక్కురుమనలేదు. సంచి నేల మీద పెట్టి ముడి విప్పబోతుండగా జేబులో ఫోన్ మోగింది.

"యాడున్నవయ్యా? పిల్ల నిద్ర రాదంటున్నది."

"వస్తున్న రాణీ. రమ్యను పండుకోమను."

అన్నాక దేవమ్మ మాట గుర్తొచ్చింది. సంచిలో ఏదో మెల్లగా, తృప్తిగా, ఊపిరి వదిలింది.

గబగబా ముడి విప్పాడు. అన్నం వాసన గుప్పున కొట్టింది. సంచిలోంచి ఏదీ బయటికి రాలేదు. చేత్తో తడిమాడు... ఖాళీ. ఇందాకటి దాకా భుజాలు గుంజేసిన బరువు.

బండి స్టార్ట్ కాలేదు. అక్కడే వదిలేసి వాగు దాటి నడిచాడు. కంది చేల మధ్య బండ్లబాట అతను పుట్టినప్పటి నుంచి నడిచిందే. కళ్లు మూసుకుని పోగలడు. పావుగంట నడిచాక కాళ్లకు ఏదో మెత్తగా తగిలింది. అదే సంచి. పక్కనే బండి. మళ్లీ నడిచాడు... మళ్లీ సంచి. మూడోసారి దాన్ని చూడగానే నర్సింగ్‌కు ఏడుపొచ్చింది. ఇంటికి ఫోన్ చేశాడు.

"ఎవరు?" అంది నాగరాణి.

"నేనే. తొవ్వ తప్పిన. దేవమ్మ కొడుకు జగన్‌మోహన్‌ను బండి తీసుకొని రమ్మను జర..."

అటువైపు పళ్లెంలో గరిటె చప్పుడు వినిపించింది.

"మా ఆయన ఇంట్లనే ఉన్నడు. అన్నం తింటున్నడు. నువ్వెవరు?"

వెనక నుంచి రమ్య గొంతు వినిపించింది. "నాయినా, నేను కట్టిన దారమేదీ?" దానికి ఎవరో నవ్వి ఏదో చెప్పారు. ఆ నవ్వు నర్సింగ్‌దే.

గొంతు పగిలేలా అరిచాడు. ఫోన్ అప్పటికే ఆగిపోయింది.

తర్వాత ఎన్ని రోజులు తిరిగాడో అతనికి తెలియదు. పగలు ఎండ కళ్లలో గుచ్చుకునేది. చెట్టు తొర్రలో ముడుచుకుంటే బాగుండేది. నిటారుగా నడిస్తే కంది మండలు మొహానికి కొట్టుకుంటున్నాయని వంగి నడవడం మొదలుపెట్టాడు. వంగి నడిస్తే దారి తెలిసేది. ఆకలేసేది. గాలిలో ఎక్కడి గుడ్ల వాసనో తగిలితే నోరూరేది. తన మీద తనకే అసహ్యం వేసేది. ఇవేవీ అతన్ని ఆపలేదు. పిల్ల నిద్రపోయి ఎన్నాళ్లయిందో... అదొక్కటే అతని బుర్రలో మెదిలేది.

ఒక రాత్రి, పూతలో చూసిన కంది మోళ్లుగా మిగిలిన చేను దాటుతుంటే, ఇంటి బల్బు కనిపించింది.

పరుగెత్తాడు. వాకిలి తలుపు మూసి ఉంది. కిటికీ అందలేదు. గూడు పక్కన, గోడ కింద, చిన్న సందు ఉంది. లోపల రమ్య దగ్గుతోంది. సందులో దూరాడు... కడుపు కింద ఇనుము చల్లగా తగిలింది.

వెనక ధడేలున తలుపు పడింది.

బల్బులన్నీ వెలిగాయి. నాగరాణి వచ్చింది. ఆమె వెనక రమ్య. రమ్య చెయ్యి పట్టుకుని నిండు చేతుల చొక్కా వేసుకున్న మనిషి. అతని దగ్గర అన్నం వాసన.

"నాయినా, దీని కాలికి నా నీలం దారమున్నది సూడు!"

నాగరాణి మొహం పాలిపోయింది. "అది నువ్వు పారగొట్టుకున్నవ్ గదయ్యా... దీనికెట్లొచ్చె?"

"యాడనో చిక్కి ఉంటది. సంచి తే."

రమ్యా అని పిలిచాడు నర్సింగ్. గొంతులోంచి కీచుమని అరుపొచ్చింది. పిల్ల చెవులు మూసుకుని ఆ మనిషి కాళ్ల వెనక దాక్కుంది. చచ్చిపోతే బాగుండుననిపించింది నర్సింగ్‌కు.

వాగు అవతల సంచి గిర్రున తిరిగింది. ఒకటి... రెండు... మూడు.

నేల తగిలింది. అప్పుడే ఫోన్ మోగింది.

ఎత్తు, అనుకున్నాడు నర్సింగ్. ఎత్తి ఒక్క పేరు చెప్పు. నాగరాణి అను. రమ్య అను. ఒక్కసారి...

ఆ మనిషి ఫోన్ తీసి నేల మీద పెట్టాడు. ఎత్తలేదు. సంచి మూతి కాస్త వదులు చేసి, చెయ్యి లోపలికి పెట్టి, నర్సింగ్ ముందరి కాలి నుంచి నీలం దారాన్ని జాగ్రత్తగా, ఒక్కో ముడీ విప్పి, తీసుకున్నాడు. దాన్ని కట్టుకోవడానికి చొక్కా చెయ్యి పైకి లాగాడు.

గోనె సందుల్లోంచి, మోగుతున్న ఫోన్ వెలుగులో, నర్సింగ్ చూశాడు. మణికట్టు దగ్గర ఆ వెలిసిన పసుపు దారం. దాని పైన ఒక ఎర్ర రిబ్బను ముక్క. దాని పైన నల్ల దారం, చెమ్కీ దారం, పూసల దారం... మోచెయ్యి దాటి పైదాకా. అన్నిటికీ పిల్లలు వేసే వంకర ముళ్లే.