మాఘమాసంలో పులస

రాజమండ్రి. 2001 ఫిబ్రవరి. ల్యాబ్ టెక్నీషియన్ గణేష్‌బాబుని పట్టపగలు కాల్చి చంపారు. ల్యాబ్ బీరువా ఖాళీ.

"ఏం పోయాయి సార్?" అడిగాడు సీక్రెట్ ఏజెంట్ వెంకటరాజు.

"మైనం దిమ్మలు. ముప్పై ఏడు," అన్నాడు చీఫ్ సత్యప్రసాద్. "ఒక్కోదాంట్లో ఒక్కో పేషెంటు కడుపు కేన్సర్ ముక్క. రంగు వేస్తే, ట్యూమర్ మార్కర్ ఉన్న ముక్క గోధుమరంగులో తేలాలి. ఒక విదేశీ ముఠా అమ్మే మందు వాళ్లకే పనిచేస్తుంది. కానీ ఆ ముఠా ఇచ్చిన దొంగ పరీక్ష కిట్‌లో ఎవరి ముక్క పెట్టినా గోధుమరంగే! ఆపరేషన్లు ఆపించి అందరికీ అదే మందు ఎక్కిస్తున్నారు. గణేష్‌బాబు మంచి కిట్‌తో మళ్లీ చూశాడు. నాలుగే తేలాయి. అందులో మీ అక్క సంపూర్ణమ్మగారిది లేదు. ఆ దిమ్మలు పోతే సాక్ష్యం పోయినట్టే."

వెంకటరాజు పళ్లు పటపటా కొరికాడు.

"దిమ్మలు ఈరోజే యానాం దాటుతాయి. అక్కడ లాంచీలో ముఠా దొర కళ్లారా చూసి తగలబెడతాడు. మన ఏజెంట్ వినీల ముఠాలో చేరి నిఘా వేసింది. 'ఎర్రనీరు ఎప్పుడు' అని అడగండి. 'శ్రావణంలో' అంటే ఆవిడే."

మధ్యాహ్నం. ఎదుర్లంక రేవు. అతికించిన మీసం, ఖాకీ చొక్కాతో యానాంకి గోదారి దాటించే పంటు మీద టిక్కెట్లు కోస్తున్నాడు వెంకటరాజు. పట్టుచీర, నల్లకళ్లద్దాలు, గుప్పుమనే సెంటుతో ఒక అందగత్తె ఎక్కింది. చేతిలో ఐసు డబ్బా.

"ఎర్రనీరు ఎప్పుడండీ?"

"శ్రావణంలోనండీ," నవ్వింది వినీల. "ఆలస్యం చేశారు రాజుగారూ! దొంగ అమలాపురం వైపు పోయాడు. తెల్ల మారుతీ. పరిగెత్తండి!"

"మరి మీరు?"

"దొరని మాటల్లో పెడతాను. తాజా పులస పట్టుకెళ్తున్నా."

పంటు కదిలింది. వెంకటరాజు రేవు గట్టు మీదికి దూకి నాలుగడుగులు పరిగెత్తాడు. ఠక్కున ఆగాడు.

పులసా? గోదారిలో వరద ఎర్రనీరు దిగకుండా పులస ఎక్కడిది? శ్రావణమని ఆవిడే అంది కదా!

వెనక్కి ఉరికాడు. బారెడు నీళ్లు దాటి పంటు అంచు అందుకున్నాడు. వినీల పిస్టల్ తీసింది. ఒక్క దెబ్బకి అది గోదాట్లో పడింది. ఆమె డబ్బా ఎత్తి నీళ్లలోకి విసరబోయింది. ఆఖరి క్షణంలో పిడి అతని గుప్పిట్లో పడింది. మూత ఊడింది. చేప కింద వరసగా మైనం దిమ్మలు.

"ముఠాకి అమ్ముడుపోయావా! కోడ్ బట్టీపట్టావు. దానికి అర్థం ఏంటని ఎవర్నీ అడగలేదా?" అరిచాడు వెంకటరాజు. "గణేష్‌బాబు నీకేం చేశాడే? మా అక్క నీకేం చేసింది?"

"నాకు చేపలు పడవు," గొణిగింది వినీల.

సంకెళ్లు వేసి, వాచీలోని ట్రాన్స్‌మిటర్ నొక్కాడు. "వినీలే దొంగ సార్. పులస అని తెచ్చిన చేప కింద దిమ్మలు దొరికాయి. ముందు అక్క ఆపరేషన్‌కి డేటు వేయించండి."

"ఈరోజే వేయిస్తాను. మరి పులస ఏదయ్యా?"

"పులసా, నా మొహమా! బొచ్చె సార్. వీళ్ల కిట్‌లో పెడితే అదీ పులసని తేలుతుంది కాబోలు."