ఎడమకి మూసుకునే ఊరు

ఆ రోడ్డుకి ఒక పక్క పై ఊరు, ఇంకో పక్క కింది ఊరు. ఈ పక్క చెత్త సోమవారం ఎత్తుతారు, ఆ పక్కది గురువారం. మధ్యలో గాలి మాత్రం ఏ మునిసిపాలిటీ మాటా వినదు.

పై ఊరు చిన్నది, పౌరుషం పెద్దది. కింది ఊరు పెద్దది, నోరు ఇంకా పెద్దది. రెంటినీ కలిపి ఒకే మునిసిపాలిటీ చేస్తే ఎలా ఉంటుందని ప్రభుత్వం అడిగింది. నెల రోజుల్లో పై ఊరి కౌన్సిల్ చేతులెత్తి ఏదో ఒకటి తేల్చాలి.

కలిస్తే ముందు పోయేది తన సెక్షనేనని ఆమెకి తెలుసు. ఆమె పై ఊరి నీళ్ళ సూపర్‌వైజరు. కింద ఆరుగురు ఫిట్టర్లు. పైపు పగిలిందని ఫోన్ వస్తే నాలుగు గంటల్లో కొళాయి మళ్ళీ పారాలి. అది ఆమె తండ్రి హెడ్ ఫిట్టరుగా ఉన్న రోజుల్లో పెట్టిన నియమం. కూతురు వచ్చి దాన్ని ఇంకో చుట్టు బిగించింది. అందుకే ఊళ్ళో ఆమెని నాలుగ్గంటలమ్మ అంటారు. ఆ పేరు కోసం ఆమె చాలా సుఖాలు వదులుకుంది. వదులుకున్నానని ఎవరికీ చెప్పుకోలేదు కూడా.

కలయిక మీద నీళ్ళ రిపోర్టు రాయటానికి కింది ఊరు ఒక మనిషిని పంపింది. పైపుల మ్యాపులు గీసే అతను. సన్నగా, పొడుగ్గా, చెవి మీద పెన్సిలుతో వచ్చాడు.

రెండు ఊళ్ళ పైపుల్నీ కలిపే గొట్టం ఒకటి ఆ రోడ్డు మధ్య గుంటలో ఉంది. దాని మీద పై ఊరి వాల్వు. ఇరవై రెండేళ్ళ కింద బిగించి మూసేశారు. మీటరు పెట్టాలని ఆమె తన వైపు గొట్టం విప్పి, గుంటలో దిగి వంగి ఉంది.

"మేడమ్, వాల్వు టైట్‌గా ఉందో లేదో ఒకసారి చూస్తా!" పైనుంచి గొంతు.

"ముట్టుకోకండి" అనే లోపే ముట్టుకున్నాడు. ఒంటి చేత్తో కుడికి తిప్పాడు.

కింది ఊరి నీళ్ళు వచ్చి ఆమె మొహాన్ని కొట్టాయి.

"అయ్యో, మూస్తుంటే వస్తున్నాయేంటి!" అంటూ ఇంకా గట్టిగా కుడికే తిప్పాడు.

ఆమె గుంటలోంచి లేచి, అతన్ని భుజంతో నెట్టి, వాల్వు ఎడమకి తిప్పింది. నీళ్ళు ఆగాయి. రోడ్డుకి రెండు వైపులా జనం కూడా ఆగారు. చూడ్డానికి.

"మీ ఊళ్ళో మూయడమంటే ఇదేనా?"

"కుడికి తిప్పితేనే కదండీ మూసుకునేది?"

"మా ఊళ్ళో ఎడమకి."

"ప్రపంచమంతా కుడికే మేడమ్!"

"అయితే ప్రపంచాన్నే వచ్చి నేర్చుకోమనండి. ఇది మా వాల్వు."

అతను జేబులోంచి రుమాలు తీసి ఇచ్చాడు. అరచేతి కంటే చిన్నది. ఆమె దాన్ని చూసింది, అతన్ని చూసింది.

"సారీ అండీ. ముందు మీకు ఈత వచ్చా అని అడగాల్సింది."

ఆమె నవ్వలేదు. ఇంటికి పోయి తల తుడుచుకుంటుంటే నవ్వొచ్చింది. ఆ నవ్వుకి తన మీద తనకే కోపం వచ్చింది.

మర్నాటి నుంచి ఇద్దరూ కలిసి పై ఊరి వీధులన్నీ తిరిగారు. ఎక్కడ పైపు ఉందో, ఎంత లోతో, ఎప్పటిదో ఆమె చెప్పేది. అతను రాసుకునేవాడు. మూడో రోజు ఆమె ఇంటి వీధికి వచ్చారు. తండ్రి అరుగు మీద కూర్చుని పాత స్పానర్లకి నూనె రాస్తున్నాడు. లోపలికి పోయి టీ తెచ్చి ఇచ్చాడు.

"థాంక్స్ బాబాయ్‌గారూ" అన్నాడు అతను మర్యాదగా.

"ఓహో. అయితే నేను మీకు చెల్లెల్నన్నమాట" అంది ఆమె.

టీ అతని ముక్కులోకి పోయింది. దగ్గీ దగ్గీ కళ్ళనీళ్ళు తుడుచుకుని, "ఆ పిలుపు క్యాన్సిల్ సార్. నన్ను క్షమించండి సార్" అన్నాడు తండ్రితో.

తండ్రి నవ్వలేదు. స్పానరు వైపు తిరిగి మీసం చాటున ఏదో చేశాడు. దాన్నే ఆయన నవ్వు అనుకోవాలి.

ఆ వారమే బడి వెనక వీధిలో పైపు పగిలింది. ఫిట్టర్లతో పాటు ఆమె బురదలో దిగింది. అతను ఒడ్డున గడియారం పట్టుకుని నిలబడ్డాడు. కాసేపటికి గడియారం జేబులో వేసి, ప్యాంటు మడిచి, తనూ దిగాడు. గొట్టం పట్టుకోమంటే పట్టుకున్నాడు. వదలమనే వరకూ వదల్లేదు.

"మూడు గంటల పది నిమిషాలు" అన్నాడు చివర్లో, మోచేతుల దాకా మట్టితో. "మా ఊళ్ళో అయితే ఈపాటికి ఫిర్యాదు కాగితం మీద రెండో సంతకం పడేది. ఏంటండీ, పందెమా?"

"పరువు" అంది ఆమె.

అతను ఆమెని చూశాడు. మ్యాపు చూసినట్టు కాదు. ఆమె తల తిప్పుకుంది, కానీ కొంచెం ఆలస్యంగా తిప్పుకుంది. ఆ కొంచెం ఆలస్యాన్ని ఆరుగురు ఫిట్టర్లూ చూశారు.

రెండో వారం చివర అతను ఆఫీసులో ఫైలు మర్చిపోయి వెళ్ళాడు. ఆమె తెరవకూడదు. తెరిచింది. మూడో పేజీలో పట్టిక. పై ఊరి ఫిట్టర్లు ఆరుగురు. అవసరం ఇద్దరు. మిగులు నలుగురు. కింద అతని సంతకం.

ఫైలు కోసం అతను వగరుస్తూ వచ్చేసరికి ఆ పేజీ బల్ల మీద అతని వైపు తిప్పి ఉంది.

"మిగులంటే ఏ నలుగురండీ? పేర్లు చెప్పండి."

అతను పేజీ అందుకోబోయాడు.

"మొన్న మీ పక్కన బురదలో నిలబడ్డాడే, ఆయన మిగులా? మీకు తువ్వాలు ఇచ్చాడే, ఆయనా?"

"అది నేను మీ ఊరు చూడక ముందు గీసిన పట్టికండీ. పైపు పొడవుని బట్టి మనుషుల్ని లెక్కేశాను. మా రూల్ అదే."

"చూశాక కొట్టేశారా?"

"పైకి పంపేశాను. ఇప్పుడు వెనక్కి తీసుకుంటే మా చైర్మన్ ఊరుకోడు."

"అయితే మీరే ఊరుకోండి" అంది ఆమె. ఫైలు మూసి చేతిలో పెట్టింది. "మీ ఊరి నీళ్ళు మొహం మీద పడితే తుడుచుకున్నాను. ఇది తుడుచుకునేది కాదు."

అతను వెళ్ళిపోయాడు. ప్రేమలో పడ్డవాడు తప్పు చేయడని కథలు రాసేవాళ్ళు అబద్ధాలకోర్లు. పడకముందు చేసిన తప్పు కూడా వాడిదే. మోయాల్సింది వాడే.

కౌన్సిల్ మీటింగు ఇక వారం ఉంది. ఆమె తన ఉపన్యాసం రాసుకుంది. "మా ఊరు ఏనాడూ ఎవరి నీళ్ళూ తాగలేదు" అని మొదలు. రాస్తూ రాస్తూ వాల్వుల రిజిస్టరు తిరగేసింది. రోడ్డు మధ్య వాల్వు, చివరిసారి తెరిచిన తేదీ. ఆ గడి ఖాళీ. ఇరవై రెండేళ్ళుగా ఖాళీ.

పెన్ను ఆగిపోయింది.

ఇరవై రెండేళ్ళు కదలని వాల్వుని తిప్పాలంటే ఇద్దరు మనుషులు, పొడుగు రాడ్డు, అరపూట తిట్లు కావాలి. మరి ఆ సన్నటి మనిషి ఒంటి చేత్తో ఎలా తిప్పాడు?

సాయంత్రం తండ్రి ముందు నిలబడింది.

"నాన్నా, రోడ్డు మీది వాల్వు ఎవరు తెరుస్తున్నారు?"

తండ్రి స్పానరు కింద పెట్టాడు.

"నేనే. ఎండాకాలం చివర మన కొండ మీది రెండు వీధులకీ నీళ్ళు ఎక్కవు తల్లీ. పదిహేనేళ్ళుగా ఎక్కవు. కింది ఊరి హెడ్ ఫిట్టరు ఉన్నాడే, మన మ్యాపుల అబ్బాయి మేనమామ, వాడూ నేనూ కలిసి తెరుస్తాం. మధ్యాహ్నం ఊరంతా కునుకు తీసే వేళ. వాడు గ్రీజు తెస్తాడు, నేను టీ తీసుకెళ్తా."

"ఆ అబ్బాయికి తెలుసా?"

"మేనల్లుడికైనా చెప్పే నోరు కాదు వాడిది. మనమూ ఊరికే తాగలేదులే. వాళ్ళ ఆసుపత్రి పైపు పగిలినప్పుడల్లా మనవాళ్ళు పోయి అతికారు. అదీ రాయలేదు."

"మన ఊరు ఎవరి నీళ్ళూ తాగలేదని చిన్నప్పటి నుంచీ నాకు చెప్పావు!"

"చెప్పాను. మా కుర్రాళ్ళు తలెత్తుకుని పని చేస్తారని చెప్పాను."

"అబద్ధం మీద ఎత్తిన తల ఎంతసేపు నిలుస్తుంది నాన్నా?"

ఆయన మళ్ళీ స్పానరు అందుకున్నాడు. ఆమె క్షమించలేదు. అన్నం పెట్టింది, మాట్లాడలేదు.

మీటింగు రోజు హాలు కిక్కిరిసింది. పదిహేను మంది సభ్యులు, మధ్యలో పై ఊరి చైర్‌పర్సను, కళ్ళజోడు ముక్కు చివర. ముందు వరసలో అతిథులుగా కింది ఊరి చైర్మను, పక్కన మ్యాపుల అతను. వెనక బెంచీ మీద తండ్రి. ఆయనకి రెండు మూరల దూరంలో, ముక్కూ మొహం తెలియనట్టు, ఆ మేనమామ.

"కింది ఊరి రిపోర్టు చదవండి" అంది చైర్‌పర్సను.

అతను లేచాడు. చెవి మీద పెన్సిలు లేదు.

"చదివే ముందు ఒక మాటండీ. మూడో పేజీలో పట్టిక నేను గీసిందే. అది తప్పు."

కింది ఊరి చైర్మను కుర్చీలో కదిలాడు. "ఏయ్, కూర్చో!"

"కూర్చుంటా సార్, ఇది అయ్యాక. పైపు పగిలితే బాగవటానికి మన ఊళ్ళో మూడు రోజులు పడుతోంది. ఇక్కడ నాలుగు గంటలు దాటదు. నేను గడియారం పెట్టి చూశాను. మిగులు మనుషులు ఇక్కడ ఎవరూ లేరు. మనుషుల కొరత మన దగ్గర ఉంది. తప్పు నాది. సంతకం నాది. కొట్టేస్తున్నాను."

అందరి ముందూ పేజీ మీద అడ్డంగా గీత గీశాడు. గీత తిన్నగా వచ్చింది.

తన ఊరివాడు కాదు, తన ఇంటివాడు కాదు, అయినా ఆ క్షణాన అతన్ని చూసి ఆమె ఛాతీ పొంగింది. అతను తన చైర్మను ముందే తన తప్పు చదివాడు. ఇప్పుడు ఆమె వంతు. చేతిలో కాగితం మీద మొదటి వాక్యమే అబద్ధం.

కాగితం మడిచి బల్ల మీద పెట్టింది. వెనక బెంచీ వైపు చూసింది. తండ్రి తల కొద్దిగా ఊపాడు. చెప్పమని.

"మా ఊరు కింది ఊరి నీళ్ళు తాగింది" అంది. "పదిహేను ఎండాకాలాలు. వాల్వు తెరిచింది మా నాన్న."

హాలు భగ్గుమంది. "దొంగనీళ్ళా!" అని ఎవరో అరిచారు. కింది ఊరి చైర్మను లేచి నిలబడ్డాడు. "విన్నారా? ఇదీ వీళ్ళ పౌరుషం!"

"దొంగనీళ్ళు కాదయ్యా!" మేనమామ బెంచీ మీంచి లేచాడు. "రెండో చెయ్యి నాది. మన ఆసుపత్రి పైపు పగిలినప్పుడు నువ్వు ఎక్కడున్నావు? ఊళ్ళో లేవు. వచ్చి అతికింది ఈయన మనుషులు. పది సార్లు! అప్పుడు ఎవడూ దొంగపని అనలేదే?"

మ్యాపుల అతను నోరు తెరిచి మేనమామని చూశాడు. "మామయ్యా, నువ్వా?"

"నేనే రా. మూసుకో."

చైర్‌పర్సను బల్ల కొట్టింది. "సూపర్‌వైజరమ్మా, ఇంతకీ కలుద్దామంటావా, వద్దంటావా?"

నెల రోజులుగా ఆమె 'వద్దు' అనే మాటకి పదును పెట్టుకుంది. ఇప్పుడు ఆ పదును ఇంకో వైపుకి పనికొచ్చింది.

"కలుద్దాం మేడమ్. కానీ వాళ్ళ పంచన చేరినట్టు కాదు. మాకు ఎండాకాలం నీళ్ళు కావాలి. వాళ్ళకి ఏడాది పొడుగునా మేము కావాలి. ఆరుగురిలో ఒక్కరూ పోకూడదు. రెండు ఊళ్ళ మరమ్మతులూ మా ఆఫీసు నుంచే నడవాలి. నాలుగు గంటల నియమం అక్కడా పెట్టాలి. ముందు అది తీర్మానంలో రాయండి, తర్వాత చేతులెత్తండి. రాయకపోతే నా చెయ్యి లేవదు. నాకు ఓటు లేదనుకోండి, అయినా లేవదు."

ఎవరో నవ్వారు. తర్వాత చాలామంది నవ్వారు. చైర్‌పర్సను కింది ఊరి చైర్మను వైపు తిరిగింది. ఆయన పళ్ళు కొరికాడు. మూడు రోజుల సంగతి అందరి ముందూ బయటపడ్డాక ఆయనకి ఇంకో దారి లేదు. "రాసుకోండి" అన్నాడు. రాశారు. పదకొండు చేతులు లేచాయి.

బయట వాన. చినుకులు కాదు, తేల్చుకుందాం రమ్మన్నట్టు పడుతోంది. మెట్ల మీద చూరు కింద అతను నిలబడి ఉన్నాడు. ఆమె పోయి పక్కన నిలబడింది. ఇద్దరి మధ్యా మూరెడు దూరం.

"మీ చైర్మను మిమ్మల్ని బతకనిస్తాడా?" అంది.

"కష్టమే. అందుకే మరమ్మతుల సెక్షనుకి ట్రాన్స్‌ఫర్ అడుగుతున్నా."

"అది నా సెక్షను."

"తెలుసు."

"పొద్దున ఆరింటికి రావాలి. ఆలస్యమైతే నేను మంచిదాన్ని కాదు."

"అదీ తెలుసు." ఆమె వైపు తిరిగాడు. "ఆరు తర్వాత కూడా నీతోనే ఉండాలని ఉంది. రోజంతా. ఆ తర్వాతి రోజు కూడా. చెప్పే పద్ధతి నాకు రాదు. పద్ధతిగా గీయటమే వచ్చు."

'నువ్వు' అన్నందుకు ఆమె సరిదిద్దలేదు.

"ఆ పట్టికకి నేను నిన్ను క్షమించలేదు" అంది. "క్షమించను కూడా. కానీ అందరి ముందూ దాన్ని కొట్టేశావు చూడు, అలాంటి మనిషి ఇంకొకడు నాకు కనపడలేదు. కనపడే దాకా ఆగే ఓపిక లేదు. సరే."

"సరే అంటే?"

"సరే అంటే సరే. మళ్ళీ మళ్ళీ చెప్పించుకోకు."

వెనక దగ్గు వినపడింది. రెండు మూరల దూరం మరిచిపోయి పెద్దవాళ్ళిద్దరూ ఒకే గొడుగు కింద ఉన్నారు.

"ఏం బావా" అన్నాడు మేనమామ, "మీ అమ్మాయిని మా వాడికి ఇస్తావా మరి?"

"ఇవ్వటానికి అది నా చేతిలో వస్తువా?" అన్నాడు తండ్రి. "ఇందాక హాల్లో అబద్ధం ఒక్కటీ మిగల్చలేదు. నాది కూడా. అంత మనిషి తనే ఎంచుకుంది. చాలు."

గొంతు సవరించుకుని, హాల్లోంచి వస్తున్న కౌన్సిలర్లందరికీ వినపడేలా గట్టిగా అన్నాడు.

"ఇదిగో, ఈ అబ్బాయి మా ఇంటికి అల్లుడవుతున్నాడు. ఆ అమ్మాయి నా కూతురు!"

ఊరంతటికీ తెలిసిన సంగతే. అయినా ఆయన చెప్పాడు. ఆమె వాన చప్పుడులో నిటారుగా నిలబడి, పూర్తిగా విన్నది.