నాలుగు వందల దగ్గర ఓడిపోవాలి

లెక్కల మాస్టారు రైలు సీట్లో కూర్చునే చనిపోయారు. మెడ మీద సూది గాటు. చేతిలో ఫోన్. ఫోన్లో ఇటుక మీద ఇటుక పేర్చే ఆట. ఆఖరి స్టేషన్లో పెట్టె ఊడ్చేవాళ్ళు తట్టి లేపేదాకా ఆయన నిద్రపోతున్నారనే అందరూ అనుకున్నారు.

ఆయన బళ్ళో మాస్టారు కాదు. గూఢచారి సంస్థలో కోడ్లు విప్పే మనిషి, ఏజెంట్ తొమ్మిదికి పని నేర్పిన మనిషి. ఆయన్ని సాగనంపి వచ్చిన తొమ్మిది స్నానం చేశాడు, అన్నం తిన్నాడు, చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు. కన్నీళ్ళు రాలేదు. రాలేదన్న బాధా కలగలేదు.

మర్నాడు చీఫ్ పిలిపించాడు.

"ఆ ఆటకి డౌన్‌లోడ్ అక్కర్లేదు. లింక్ నొక్కితే బ్రౌజర్లో తెరుచుకుంటుంది, మూసేస్తే ఆనవాలుండదు. విదేశీ ముఠా దాన్ని పోస్టాఫీసులా వాడుకుంటోంది. రోజూ పొద్దున ఎనిమిది నలభై అయిదుకి వాళ్ళ మనిషి ఆ రోజు టాప్ స్కోరు చూస్తాడు. చివర రెండు ఏడులుంటే 'కానివ్వు'. రెండు సున్నాలుంటే 'ఆపు'. మాస్టారు అంతవరకే విప్పారు."

"నేనేం చెయ్యాలి?"

"అదే బండెక్కు, ఆడుతూ ఉండు. ముఠాలో మన మనిషి ఒకావిడుంది. అవసరమైతే తనే వస్తుంది."

"నమ్మొచ్చా?"

"రెండు పడవల మీద కాళ్ళు పెట్టిన మనిషి. మునిగేదాకా చెప్పలేం."

మందుల కంపెనీ రిప్రజెంటేటివ్ వేషం, అంటించుకున్న మీసం, ఫొటోలు తీసే కళ్ళజోడు. నలభై రోజులు అదే బండి, అదే కిటికీ సీటు. తొమ్మిది బొటనవేలు దానంతటదే ఇటుకలు పేర్చేది. మనసు ఎక్కడుండేదో అతనికే తెలియదు. అతని బెస్ట్ స్కోరు మూడు వందల తొంభై ఒకటి.

నలభై ఒకటో రోజు ఎనిమిది ముప్పైకి ఎదుటి సీట్లోకి ఒకావిడ వచ్చింది. నల్ల కళ్ళద్దాలు, పెట్టెలో సగంమంది తలలు తిప్పేంత అందం.

"ఇది ఎండ పడే వైపా?"

"మధ్యాహ్నం దాకా కాదు." కోడ్ కలిసింది.

ఆవిడ ముందుకు వంగి గొంతు తగ్గించింది. "ఇవాళే. మన వెనకాల పెట్రోలు ట్యాంకర్ల బండి వస్తోంది. వాళ్ళ మనిషి సిగ్నల్ క్యాబిన్లో ఉన్నాడు. దాన్ని మన పట్టాల మీదికే మళ్ళిస్తాడు. టాప్ స్కోరు చూడండి."

మూడు వందల డెబ్బయి ఏడు.

"ఏ క్యాబిన్?"

"తెలీదు. నన్నూ ఇదే బండెక్కమన్నారు. నన్నూ వదిలించుకుంటున్నారన్నమాట."

తొమ్మిది చీఫ్‌కి ఫోన్ చేశాడు. "క్యాబిన్లు అరవై ఉన్నాయి. బండ్లన్నీ ఆపించాలంటే పైవాళ్ళ సంతకం కావాలి. ఎంత లేదన్నా అరగంట," అన్నాడు చీఫ్.

గడియారంలో ఎనిమిది ముప్పై ఒకటి. ఇటుకకి రెండు సెకన్లు. తొమ్మిది ఆట మొదలుపెట్టాడు.

వంద. రెండు వందలు. ఆవిడ గోళ్ళు కొరుక్కుంటోంది. పక్కనున్న పెద్దావిడ ఫోన్లోకి తొంగిచూసింది.

"రోజూ ఇదే ఆటా నాయనా? చూసి చూసి నాకే కళ్ళు తిరుగుతున్నాయి," అంటూ మోచేత్తో పొడిచింది.

ఇటుక అంచు దాకా జారి నిలబడింది. మూడు వందల నలభై. తొమ్మిది గుండె అదరలేదు. ఇన్నాళ్ళ మొద్దుతనం మొదటిసారి పనికొచ్చింది.

మూడు వందల తొంభై రెండు. తొంభై తొమ్మిది. నాలుగు వందలు.

ఇక్కడ ఓడిపోవాలి. తరవాతి ఇటుకని తప్పు చోట వదలాలి. కానీ నలభై రోజులుగా ఒప్పే నొక్కిన వేలు తప్పు నొక్కడానికి మొరాయించింది. ఇటుక సరిగ్గా మధ్యకు వచ్చింది, వేలు దిగబోయింది.

"చంపుతావా మమ్మల్ని!" ఎదుటి సీటావిడ అతని మణికట్టు పట్టుకుని లాగింది.

ఇటుక అంచు దాటాక వేలు పడింది. గోడ కూలింది. అప్పుడే బండి సొరంగంలోకి దూరింది. సిగ్నల్ పోయింది. తెర మీద చిన్న చక్రం తిరుగుతూనే ఉంది. ఇద్దరూ ఆ చక్రాన్నే చూస్తూ కూర్చున్నారు.

వెలుతురు వచ్చింది. ఎనిమిది నలభై నాలుగూ యాభై ఎనిమిది సెకన్లు. చక్రం ఆగింది. టాప్ స్కోరు: నాలుగు వందలు.

నిమిషం తరవాత ట్యాంకర్ల బండి పక్క పట్టాల మీదుగా కిటికీలు అదిరేలా దూసుకుపోయింది.

"అబ్బ, ఏం చప్పుడు!" అని పెద్దావిడ విసుక్కుంది.

ఎదుటి సీటావిడ నల్ల కళ్ళద్దాలు తీసి వెక్కివెక్కి ఏడ్చింది. తొమ్మిది తన చేతులు చూసుకున్నాడు. వణకడం లేదు. కాస్త వణికినా బాగుండుననిపించింది.

సాయంత్రానికి ఆవిడ ఇచ్చిన పేర్లతో ముఠా మొత్తం దొరికింది, మాస్టారిని సూదితో పొడిచినవాడితో సహా. మర్నాడు తొమ్మిది టేబుల్ మీద ఆఫీసు మెమో ఒకటి పడింది: డ్యూటీ వేళల్లో నలభై ఒక్క రోజులు ఫోన్లో ఆటలాడినందుకు సంజాయిషీ ఇవ్వవలెను.

అతను పెన్ను తీసి రాశాడు: "ఒక్కసారి ఓడిపోవలసి ఉంది. ప్రాక్టీసు చాల్లేదు."