కేసముద్రంలో ఏడు నమూనాలు

"ఫ్లాస్క్ పోయింది," అన్నాడు చీఫ్ బలరాం ఫోన్‌లో.

ఏజెంట్ దేవదాసు జనగామ రైల్వే స్టేషన్‌లో బెంచీ మీద కూర్చుని మోకాలికి బామ్ రాసుకుంటున్నాడు. ఇరవై ఏడేళ్ల సర్వీసు. నిన్ననే ఒక మిషన్ ముగిసింది. రెండు రోజులు పడుకోవాలనుకున్నాడు.

"ఏం ఫ్లాస్క్ సార్?"

"జనగామ క్యాన్సర్ ల్యాబ్‌ది. కురవిలో చిలుకమ్మ అని కూలి చేసుకునే మనిషి. పదకొండేండ్ల నుంచి క్యాన్సర్. గడ్డ తిరగబెట్టినప్పుడల్లా ముక్క తీసి, బతికున్న కణాలను లిక్విడ్ నైట్రోజన్‌ల దాచిండ్రు. ఏడు నమూనాలు. మొదటి దాంట్ల జన్యు మార్పులు కొన్నే. ఏండ్లు గడిచినకొద్దీ ఒకదాని మీద ఒకటి చేరి, చివరి దాంట్ల వందలైనయి."

"అన్నీ ఎందుకు? చివరిది చాలదా?"

"చాలదు. తర్వాత వచ్చిన మార్పును కొడితే, అది లేని కణాలు తప్పించుకుంటయి. ఆమెకు పాత మందు పనిచేస్తలేదు. మొదటి నుంచి అన్నిట్ల ఉన్న మార్పును పట్టి, కొత్త మందును ఏడింటి మీదా చూడాలె. అమ్మితే కోట్లొస్తయని విదేశీ ముఠా కన్ను ఈ వరుస మీద పడ్డది."

"తీసుకపోయింది ఎవలు?"

"కహ్కషాన్. ల్యాబ్ సైంటిస్ట్. పదకొండు గంటలకు కేసముద్రం మార్కెట్ యార్డ్‌ల ముఠా మనిషిని కలుస్తది. ఆమెతోటి నీ కోడ్, 'పత్తిల తేమెంత?'"

"మన మనిషా, వాళ్ల మనిషా?"

"ఇద్దరి దగ్గరా జీతం తీసుకుంటది. జర చూసుకో."

దేవదాసు రైలెక్కాడు. కేసముద్రంలో దిగేసరికి తలకు తువ్వాల చుట్టి, పత్తి రైతు వేషంలో ఉన్నాడు. చొక్కా గుండీలో కెమెరా.

కహ్కషాన్‌ను వెతకాల్సిన పని లేకపోయింది. గులాబీ రంగు పట్టు దుపట్టా, నల్ల కళ్లద్దాలు. లారీ డ్రైవర్లందరూ అటే చూస్తున్నారు.

"పత్తిల తేమెంత?" అడిగాడు.

"పన్నెండు. జర ఎండాలె." గొంతు తగ్గించింది. "ఫ్లాస్క్ ఇప్పుడే ముఠా మనిషికి ఇచ్చిన. ఇయ్యకుంటే వాడు బయటికి రాడు. తెల్ల కారు. భూపాలపల్లి గనుల కాడ కన్సల్టెంట్‌నని చెప్పుకుంటడు. ఇగ మీదే పని."

దేవదాసు తువ్వాల విప్పి దులిపాడు. అదే సిగ్నల్. పత్తి ట్రాక్టర్ ఒకటి వచ్చి గేటుకు అడ్డంగా ఆగింది. మఫ్టీ పోలీసులు కారును చుట్టుముట్టారు. లోపలి మనిషి తాపీగా దిగాడు. చేతిలో ఉన్న ఫ్లాస్క్ మూత తీసి తలకిందులు చేశాడు. తెల్లటి పొగ నేల మీద పాకింది.

"ఇప్పుడు ఎవరికీ లేదు," అన్నాడు ఇంగ్లీషులో. పోలీసులు అతన్ని ఈడ్చుకుపోయారు.

కహ్కషాన్ ఫ్లాస్క్ దగ్గరికి పరుగెత్తింది. కళ్లద్దాలు ఎక్కడో పడిపోయాయి. నమూనాల గొట్టాలు లోపలి స్టాండులోనే ఉన్నాయి. నైట్రోజన్ మాత్రం చుక్క లేదు. ఫ్లాస్క్ మీది మీటరు మైనస్ నూట నలభై ఎనిమిది డిగ్రీలు చూపుతోంది.

"మైనస్ నూట ముప్పై కన్న వేడెక్కితే కణాలు చచ్చుడు షురువైతది. జనగామకు గంట పైన పడుతది. ఈడ నైట్రోజన్ ఏడ దొరుకుతది?"

ఎదురుగా ఎవరో బర్రెను తోలుకుపోతున్నారు. దాన్ని చూశాక దేవదాసుకు గుర్తొచ్చింది.

"పశువుల దవాఖాన. బర్లను చూలు కట్టించనీకె సూదులేస్తరు గద. గా వీర్యం దాచేది నైట్రోజన్‌లనే."

దవాఖాన వెనక వీధిలో ఉంది. ఫ్లాస్క్ మూసి, గుండెకు హత్తుకుని పరుగెత్తాడు. అడుగడుగునా మోకాలు కలుక్కుమంటోంది. అటెండర్ మొగిలి నైట్రోజన్ క్యాన్ మూత తీసేసరికి మీటరు మైనస్ నూట ముప్పై ఒకటి. ఏడు గొట్టాలూ పొగలోకి దిగాయి.

కహ్కషాన్ నేల మీద కూర్చుండిపోయింది.

"పొద్దుగాల చిలుకమ్మతోటి మాట్లాడిన. 'నా రోగంతోటి నాకేం పని బిడ్డా, ఎవలికన్న అక్కరకొస్తే ఉంచుకోండ్రి' అన్నది. ఏ మందు పనిచేస్తదో తేలనీకె నెల పడుతది. ఆమెకు నెల ఉన్నదో లేదో."

దేవదాసు గోడకు చేరగిలబడి కళ్లు మూసుకున్నాడు.

మొగిలి రిజిస్టర్ తెరిచాడు. "లోపల ఏది పెట్టినా రాయాలె సార్. ఏ జాతి?"

"మనిషి జాతి," అన్నాడు దేవదాసు కళ్లు తెరవకుండానే. "యాదిమరిచి బర్రెకు వెయ్యకు."